చెరిపేయమంది చట్టం, చెరిపేదెవరు? – నేర రికార్డుల మీద రాష్ట్ర ప్రభుత్వానికి బహిరంగ లేఖ

తెలంగాణ హోం, న్యాయ, మహిళా శిశు సంక్షేమ శాఖల కార్యదర్శులకు, పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి, హైకోర్టు జువెనైల్ జస్టిస్ కమిటీకి నమస్కారాలు.

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లోనూ, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందూ కేసులు నడిపే లాయర్లం, పిల్లల కేసుల్లో ప్రొబేషన్ పని తెలిసినవాళ్ళం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. పిల్లల మీద కేసుల కాగితాలు నాశనం చేయాలని చట్టంలో ఉంది. ఏ రోజున, ఎవరు, ఎన్ని చోట్ల చేయాలో మాత్రం లేదు. పెద్దవాళ్ళ విషయంలో అసలు చట్టమే లేదు. మొదటిదాన్ని మీరు ఢిల్లీ వైపు చూడకుండా సరిచేయవచ్చు. రెండోదానిలో కూడా కొంత భాగం మీ చేతిలోనే ఉంది.

పిల్లల సంగతితో మొదలుపెడతాం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, నేరం చేసినట్టు తేలిన పిల్లలకు ఆ కారణంగా ఏ అనర్హతా అంటదు. అప్పీలు గడువు గానీ, నియమాల్లో పెట్టిన గడువు గానీ అయ్యాక ఆ రికార్డులు నాశనం చేయాలని బోర్డు పోలీసులకు ఉత్తర్వు ఇవ్వాలి. 16 ఏళ్ళు నిండి, ఘోర నేరంలో పెద్దవాళ్ళలా విచారణ జరిగి, పిల్లల న్యాయస్థానంలో నేరం రుజువైనవాళ్ళకు మాత్రం ఇది వర్తించదు. ఆ మినహాయింపు మీద మాకు తగాదా లేదు.

తగాదా సెక్షన్ మాటల్లో ఉంది. ‘అలాంటి శిక్షకు సంబంధించిన రికార్డులు’ నాశనం చేయాలంది. మరి నేరం రుజువు కాని పిల్లవాడి మాటేమిటి? చిన్న నేరాల్లో విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో తేలకపోతే 14వ సెక్షన్ కింద కేసే ఆగిపోతుంది. అలా ఆగిపోయిన కేసులో శిక్ష అన్నదే లేదు. అక్షరాలా చదివితే తప్పు చేసినవాడి కాగితాలు పోవాలి, చేయనివాడివి ఉండిపోవచ్చు. చట్టం రాసినవాళ్ళు ఇలా కోరుకున్నారని మేం అనుకోవడం లేదు. ఎందుకంటే 3వ సెక్షన్‌లోని కొత్త జీవితం సూత్రం పిల్లల గత రికార్డులన్నీ చెరిపేయాలనే చెప్తుంది, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప. కానీ పోలీసు స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్ సూత్రాలు చూడడు, సెక్షన్ చూస్తాడు. 110వ సెక్షన్ కింద నియమాలు చేసే అధికారం రాష్ట్రానికి ఉంది. ‘రుజువు కానివి, ఆగిపోయినవి, పోలీసులే మూసేసినవి కూడా’ అన్న ఒక్క వాక్యం చేరిస్తే ఈ కంత పూడుతుంది.

ఇక గడువు. ఈ చట్టం కింద కేంద్రం చేసిన 2016 ఆదర్శ నియమాల్లో 14వ నియమం రికార్డును అప్పీలు గడువు అయ్యేదాకా ‘లేదా’ ఏడేళ్ళపాటు భద్రపరచాలంటుంది. అప్పీలుకు 101వ సెక్షన్ ఇచ్చిన గడువు 30 రోజులు. 30 రోజులకూ ఏడేళ్ళకూ మధ్య ఒక ‘లేదా’ పెట్టి వదిలేస్తే ఏ గుమాస్తా అయినా ఏడేళ్ళే పట్టుకుంటాడు, తన మీదకు రాకుండా. 17 ఏళ్ళ పిల్లవాడికి ఏడేళ్ళంటే 24. సైన్యంలో అగ్నివీర్ నియామకం పదిహేడున్నర ఏళ్ళకే మొదలై ఇరవైల మొదట్లోనే ముగుస్తుంది. ఇంటర్, డిగ్రీ అయ్యాక రాసే పోలీసు, రైల్వే, బ్యాంకు పరీక్షల్లో మొదటి ప్రయత్నాలన్నీ ఆ ఏడేళ్ళ లోపలే పడతాయి. ఉద్యోగాల వయసు దాటేదాకా కాగితం దాచి తర్వాత చింపితే ఎవరికి లాభం? కాబట్టి రాష్ట్ర నియమంలో గడువు విడగొట్టండి. చిన్న, తీవ్ర నేరాల్లో అప్పీలు గడువు ముగిసిన మర్నాడే. అప్పీలు వేసి ఉంటే అది తేలిన మర్నాడు. ఏడేళ్ళు ఉంచాలనుకుంటే దానికి కారణం రాసి బోర్డు ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాలి.

గడువు సరిచేసినా పని జరగదు, అది ఎక్కడ తెగిపోతుందో చెప్తాం. ఏడేళ్ళ తర్వాత ఫైలు తెరవాల్సిన రోజు వచ్చేసరికి ఆ ఫైలు గుర్తున్న మనిషి ఉండడు. బోర్డులోని ఇద్దరు సామాజిక కార్యకర్తల పదవీకాలం మూడేళ్ళు. మేజిస్ట్రేట్ బదిలీ అయి ఉంటారు, స్టేషన్ అధికారులు (ఎస్‌హెచ్‌ఓలు) నలుగురు మారి ఉంటారు. కుటుంబం ఒక బస్తీ ఖాళీ చేసి ఇంకో బస్తీకి పోయి ఉంటుంది. ‘దరఖాస్తు చేసుకుంటే చేస్తాం కదా’ అని ఆఫీసుల్లో చెప్పే మాట అన్నిటికంటే అన్యాయమైనది. దరఖాస్తు మీద పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, సెక్షన్లు రాయాలి. ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో అది ఎక్కాలి. చెరిపేయమని అడిగిన కాగితమే కొత్త రికార్డు అవుతుంది.

అందువల్ల నాశనం ఉత్తర్వు తుది ఉత్తర్వుతోపాటే అదే రోజు పుట్టాలి. ఒక పేజీ చాలు. అందులో పేరు ఉండకూడదు: బోర్డు కేసు నంబరు, స్టేషన్, క్రైమ్ నంబరు లేదా జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ రిజిస్టర్) నంబరు, నాశనం చేయాల్సిన తేదీ, ఎవరెవరు చేయాలో జాబితా. ఆ తేదీ నుంచి 30 రోజుల్లో ఒక్కొక్కరూ ‘చేశాం’ అని నంబరుతో మాత్రమే బోర్డుకు తిరిగి రాయాలి. బోర్డు దగ్గర మిగలాల్సింది నంబరు, తేదీ, సంతకం ఉన్న నాశనం రిజిస్టర్ ఒక్కటే. రాయనివాళ్ళ జాబితా మూడు నెలలకోసారి హైకోర్టు కమిటీకి వెళ్ళాలి. ఈ చివరి మెట్టు లేకపోతే మిగతావన్నీ కాగితం మీదే ఉంటాయి.

జాబితా ఎంత పొడుగో బయటివాళ్ళకు తెలియదు. సాధారణంగా అందరూ స్టేషన్, బోర్డు అనుకుని ఊరుకుంటారు. ఒక మామూలు సెల్‌ఫోన్ దొంగతనం కేసు తీసుకోండి. స్టేషన్‌లో జనరల్ డైరీ పేజీ, ఫారం 1లో రాసిన సామాజిక నేపథ్య నివేదిక, కేస్ డైరీ ఫైలు. పోలీసు స్టేషన్లన్నిటినీ కలిపే కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్ఎస్‌లో వివరాలు ఎక్కితే ఒక ప్రతి రాష్ట్ర నేర రికార్డుల బ్యూరోకు, ఒకటి జాతీయ బ్యూరోకు. ప్రొబేషన్ అధికారి సామాజిక దర్యాప్తు నివేదిక జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో. అబ్బాయిని సైదాబాద్ హోంలో ఉంచితే అక్కడ చేరిక రిజిస్టర్, ఫొటో, ఆరోగ్య పత్రం. అమ్మాయి అయితే ఇవే నింబోలిఅడ్డాలో. వయసు తేల్చడానికి ఎముకల పరీక్ష చేయిస్తే ఆస్పత్రి రిజిస్టర్‌లో ఒక వరుస. ప్రభుత్వ ప్లీడరు ఫైలులో ఒక సెట్టు. వీటన్నిటికీ పైన, స్టేషన్ వాట్సాప్ గ్రూపులో విలేకరులకు పంపిన ప్రెస్ నోట్. పిల్లవాడిని గుర్తుపట్టే వివరాలుంటే ఇది 74వ సెక్షన్ ప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పేరు రాయకుండా బస్తీ, తండ్రి వృత్తి, స్కూలు రాసినా అదే నేరం. వీధిలో వాళ్ళకు పేరు అక్కర్లేదు కదా.

కాగితాన్ని బోర్డు సభ్యుడి ముందు చింపి పొడి చేయవచ్చు. కంప్యూటర్‌లోది అలా కాదు. సీసీటీఎన్ఎస్‌లో నమోదైన ఎఫ్‌ఐఆర్‌ను స్టేషన్‌లో ఎవరో ఒకరు తీసేయగలిగితే అదో పెద్ద ప్రమాదం, కాబట్టి అధికారం స్టేషన్‌కు ఇవ్వమని మేం అడగం. రాష్ట్ర నేర రికార్డుల బ్యూరోలో ఒక అధికారిని పేరుపెట్టి నియమించండి. బోర్డు ఉత్తర్వు నంబరు కొడితే తప్ప ఆయన కూడా తీయలేని విధంగా, తీసిన ప్రతిసారీ ఎవరు ఎప్పుడు తీశారో నిలిచే విధంగా ఏర్పాటు చేయండి. జాతీయ బ్యూరో ప్రతికి, బ్యాకప్‌లకు, పోలీసులు ఫోన్లలో వాడే యాప్‌లలోకి వెళ్ళిన ప్రతికి అదే ఉత్తర్వు వర్తించాలి.

అసలు రికార్డు పుట్టకుండా చూడటం దాన్ని చెరపడం కంటే సులువు. అవే ఆదర్శ నియమాల్లో 8వదాని ప్రకారం ఘోర నేరమైతే తప్ప, లేదా పెద్దవాళ్ళతో కలిసి చేసిందైతే తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. జనరల్ డైరీలో రాసుకుని నివేదికతో బోర్డు ముందు పెట్టాలి. జరిగేదేమిటంటే, వయసు కాలమ్‌లో 19 అని పడుతుంది. అక్కడితో అంతా మారిపోతుంది: ఎఫ్‌ఐఆర్, అరెస్టు మెమో, వేలిముద్రలు, రిమాండ్, వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఐఆర్ ప్రతి. నెలల తర్వాత 94వ సెక్షన్ కింద పదో తరగతి మెమో గానీ, జీహెచ్‌ఎంసీ జనన ధ్రువపత్రం గానీ చూపించి మైనర్ అని తేలుస్తారు. కేసు బోర్డుకు బదిలీ అవుతుంది. వెనకాల పడిపోయిన పెద్దవాళ్ళ రికార్డును వెనక్కి లాగే ఉత్తర్వు మాత్రం ఎవరూ ఇవ్వరు. మైనర్ అని తేల్చిన కోర్టే అదే ఉత్తర్వులో ‘ఎఫ్‌ఐఆర్ ప్రతి వెబ్‌సైట్ నుంచి తీయండి, వేలిముద్రలు తీసేయండి, ఈ-కోర్ట్స్‌లో పేరు మార్చండి’ అని మూడు వాక్యాలు రాయాలని హైకోర్టు కమిటీ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.

పెద్దవాళ్ళతో కలిసి ఉన్న కేసులు ఇంకా చిక్కు. ఛార్జిషీటులో ఏ-3 (మూడో నిందితుడు) అంటూ పిల్లవాడి పూర్తి పేరు ఉంటుంది. అతని కేసు విడదీసి బోర్డుకు పంపుతారు, ఏ-1, ఏ-2ల విచారణ సెషన్స్ కోర్టులో నడుస్తుంది. ఆ తీర్పులో సాక్షులు చెప్పిన ప్రతిచోటా ఏ-3 పేరు వస్తుంది, తీర్పు ఇంటర్నెట్‌లోకి ఎక్కుతుంది. బోర్డు తన ఫైలు నాశనం చేసినా ఈ తీర్పు ఉంటుంది, ఉండాలి కూడా. మిగతావాళ్ళ అప్పీలుకు సాక్ష్యం కావాలి, బాధితులకు పరిహారం కోసం తీర్పు ప్రతి కావాలి. ఇలాంటిచోట నాశనం కుదరదు, పేరు మార్చడమే దారి. దర్యాప్తు అధికారే మొదటి రోజు నుంచి పేరుకు బదులు ‘సీసీఎల్-1’ (చట్టంతో ఘర్షణ పడిన ఒకటో బాలుడు) అని రాస్తే తర్వాత వెతికి దిద్దే పని ఉండదు. లైంగిక నేరాల్లో బాధితుల పేరు రాయకుండా ఇన్నేళ్ళుగా రాస్తున్నారు. ఆ అలవాటును ఇంకో కాలమ్‌కు తేవడమే ఇది.

సుప్రీంకోర్టు 2019లో ఒక కేసులో, చిన్నప్పటి కేసు కారణంగా కేంద్ర బలగాల్లో ఎస్‌ఐ ఉద్యోగం నిరాకరించడం తప్పన్నది. ఆ వ్యక్తి పేరు మేం ఇక్కడ రాయడం లేదు. తీర్పు శీర్షికలోనే ఉంది. మచ్చ ఉండకూడదన్న తీర్పుకు ఆయన పేరే శీర్షిక అయ్యింది.

ఇక దరఖాస్తు ఫారాలు. ప్రభుత్వ ఉద్యోగాలకు ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూట్ అయ్యారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా అని వరసగా అడుగుతారు. దాస్తే అనర్హులని పైన హెచ్చరిక ఉంటుంది. 15 ఏళ్ళప్పుడు బోర్డు ముందుకు వెళ్ళినవాడు ఏం రాయాలి? ‘అవును’ అంటే చట్టం దాచమన్నది తనే బయటపెట్టినట్టు. ‘లేదు’ అంటే దాచాడని తర్వాత తీసేస్తారు. 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు సభ్యుల ధర్మాసనం, దాచిన విషయం చిన్నదైతే ఉద్యోగం ఇచ్చేవాళ్ళు విచక్షణతో వదిలేయవచ్చంది. విచక్షణ అంటే ఒక ఆఫీసులో ఉద్యోగం, పక్క ఆఫీసులో మెమో. రాష్ట్ర పోలీసు నియామక మండలి, పబ్లిక్ సర్వీస్ కమిషన్, గురుకులాల నియామక మండలి ఫారాల్లో ఆ ప్రశ్న కింద ఇలా అచ్చువేయండి: ‘18 ఏళ్ళ లోపు వయసులో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నడిచిన ఏ కేసునూ ఇక్కడ రాయనవసరం లేదు. రాయకపోవడం దాచడం కాదు.’ దీనికి చట్టం మార్చనక్కర్లేదు, జీవో చాలు.

పెద్దవాళ్ళ దగ్గరకొద్దాం. ఇంగ్లండ్‌లో 1974 నుంచే కొన్నేళ్ళు తప్పు చేయకుండా గడిపితే పాత శిక్ష ‘తీరిపోయినట్టు’ లెక్కగట్టే చట్టం ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా 2018లో దరఖాస్తు లేకుండానే కొన్ని రికార్డులు మూసేసే చట్టం తెచ్చింది. మన దగ్గర 1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ఒక్కటే దీనికి దూరపు చుట్టం. మంచి నడవడి బాండు మీద వదిలినవాళ్ళకు శిక్ష వల్ల వచ్చే అనర్హతలు ఉండవంటుంది. శిక్ష మాత్రం తుడిచిపెట్టుకుపోదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మనవాళ్ళకు ఎక్కువగా తెలియని విషయం: చిన్న కేసులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టడం అంటే నేరస్థుడిగా తేలడమే. దీపావళికి పేకాటలో పట్టుబడ్డవాడు, డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికి గోషామహల్‌లో కౌన్సెలింగ్‌కు వెళ్ళి వచ్చినవాడు ‘ఫైన్ కట్టాను, అయిపోయింది’ అనుకుంటాడు. అయిపోలేదు. వీసా ఫారంలో, అటెస్టేషన్ ఫారంలో అది శిక్షే. తప్పు ఒప్పుకునేముందు ఈ సంగతి చెప్పేవాళ్ళు ఉండరు, వరసలో ఇంకా యాభై మంది ఉంటారు. మోటారు వాహనాల చట్టం కేంద్రానిది, దాన్ని వదిలేద్దాం. 1974 గేమింగ్ చట్టం రాష్ట్రానిది. 1348 ఫసలీ నాటి హైదరాబాద్ నగర పోలీసు చట్టం రాష్ట్రానిది. ఈ రెండింటిలో, జరిమానాతో సరిపోయిన శిక్ష ఏడాదిలో మరో కేసు లేకపోతే రద్దయినట్టే అనే సెక్షన్ ఒకటి శాసనసభ చేర్చవచ్చు. పెద్ద చట్టం వైపు వెళ్తే క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలోది, 254వ అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. కష్టమే, అసాధ్యం కాదు. అందులో లైంగిక నేరాలు, హత్యలు, అవినీతి కేసులు ఉండకూడదని మా గట్టి అభిప్రాయం. స్కూళ్ళ, హోంల ఉద్యోగాలకు పాత రికార్డు చూసే హక్కు మిగలాలి. పిల్లల రికార్డు నాశనం కావాలి, పెద్దవాళ్ళది మూసి ఉంచాలి. రెండూ ఒకటి కావు.

కేసు కొట్టేసినవాళ్ళ కష్టం మరో రకం, దీనికి చట్టంతో పని లేదు. సీసీటీఎన్ఎస్‌లో ఎఫ్‌ఐఆర్‌కు ఒకటో నంబరు ఫారం, ఛార్జిషీటుకు ఐదు, కోర్టు ఫలితానికి ఆరు, అప్పీలు ఫలితానికి ఏడు. ఒకటి నుంచి ఐదు దాకా నింపకపోతే పని ఆగుతుంది కాబట్టి నింపుతారు. ఆరు నింపకపోతే స్టేషన్‌లో ఎవరికీ ఏమీ ఆగదు. కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ తీర్పు విని వచ్చి చెప్పాలి, కోర్టు ఇచ్చిన కేసు నంబరును (సీసీ నంబరు) స్టేషన్ క్రైమ్ నంబరుతో కలిపి చూసి ఎక్కించాలి. ఆయన వేరే డ్యూటీకి వెళ్తే అంతే సంగతులు. కొట్టేసి మూడేళ్ళయిన కేసు తెర మీద ఇంకా ‘పెండింగ్’ అని కనిపిస్తుంది. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఆగుతుంది. పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్‌లో పెండింగ్ కేసు నిరాకరణకు కారణం కాబట్టి అదీ ఆగుతుంది. ఉన్న దారి: తీర్పు సర్టిఫైడ్ కాపీకి కాపీ అప్లికేషన్ పెట్టడం, దాన్ని ఎస్‌హెచ్‌ఓకు ఇచ్చి రసీదు తీసుకోవడం, ఆరో ఫారం నింపించుకోవడం. కోర్టుల, పోలీసుల కంప్యూటర్లు కలిపే వ్యవస్థ వచ్చింది కదా, కోర్టులో డిస్పోజ్ అని పడగానే ఆరో ఫారం దానంతటదే నిండేలా చేయమనండి.

కోర్టు కేసుల వివరాలుండే వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో పేరుతో వెతికే వీలు ప్రజల కోసం పెట్టింది, మంచిదే. దాన్ని ఉద్యోగుల పూర్వాపరాలు చూసే ప్రైవేటు సంస్థలు వాడుకుంటున్నాయి. కొట్టేసిన కేసు కూడా అక్కడ వస్తుంది. వెంకటేశ్వర్లు కొడుకు శ్రీనివాస్ అని కొడితే ఎంతమంది వస్తారో మీరే చూడండి. ఒక శ్రీనివాస్ కేసు ఇంకో శ్రీనివాస్ నెత్తికి చుట్టుకుంటుంది. నిర్దోషిగా తేలి, అప్పీలు గడువు దాటిన కేసుల్ని పేరు వెతుకులాటలోంచి తీసి, కేసు నంబరుతో మాత్రమే కనిపించేలా హైకోర్టు నిర్ణయించవచ్చు. తీర్పు ఎక్కడికీ పోదు.

వేలిముద్రల సంగతి క్లుప్తంగా. 2022 క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం వేలిముద్రల లాంటి కొలతల్ని 75 ఏళ్ళు ఉంచమంటుంది. ముందు ఏ శిక్షా లేనివాళ్ళు నిర్దోషులుగా తేలితే, పై కోర్టుల దారులన్నీ ముగిశాక నాశనం చేయాలంటుంది. నియమాలు వచ్చేసరికి నోడల్ అధికారికి అభ్యర్థన పెట్టుకోవాలన్నారు. చట్టం సర్కారు మీద పెట్టిన పనిని నియమం మనిషి మీదకు నెట్టింది. కనీసం ఆ నోడల్ అధికారి హోదా, చిరునామా ప్రతి స్టేషన్ నోటీసు బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో రాయించండి. అదే గోడ మీద, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ కింద అరెస్టయినవాళ్ళ పేర్లు పెడుతున్నారు, డిజిటల్‌గా కూడా పెట్టవచ్చట. ఎప్పుడు తీయాలో ఆ సెక్షన్‌లో లేదు. ఎక్కించే చేతికి దించే తేదీ కూడా మీరే ఇవ్వాలి. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ 601 కింద తెరిచే రౌడీ షీట్లకూ ఇదే వర్తిస్తుంది. హిస్టరీ షీట్లలో, నేరస్థుడికి ఆశ్రయం ఇచ్చినట్టు ఆధారం ఉంటే తప్ప, మైనర్ బంధువుల వివరాలు ఉండకూడదని, పై అధికారి ఎప్పటికప్పుడు తనిఖీ చేయాలని 2024 మేలో సుప్రీంకోర్టు ఢిల్లీ విషయంలో చెప్తూ మిగతా రాష్ట్రాల్నీ ఆలోచించమంది.

మూడు పనులకు ఈ ఏడాదే వీలుంది: ఫారాల్లో ఆ రెండు వాక్యాల జీవో, హైకోర్టు కమిటీ సర్క్యులర్, పేరు లేని ఒక పేజీ నాశనం ఉత్తర్వు నమూనా. నమూనా ముసాయిదా తెలుగులో, ఇంగ్లిష్‌లో మా దగ్గర సిద్ధంగా ఉంది. సైదాబాద్ హోం సూపరింటెండెంట్‌ను, బోర్డు గుమాస్తాను, ఏదైనా ఒక స్టేషన్ రైటర్‌ను కూడా కూర్చోబెట్టి పిలవండి, వస్తాం. ఆ ముగ్గురు లేకుండా పెట్టే సమావేశానికి మాత్రం పిలవకండి. రిజిస్టర్లు ఉండేది వాళ్ళ దగ్గరే.

ఇట్లు,
హైదరాబాద్ క్రిమినల్ కోర్టుల, జువెనైల్ జస్టిస్ బోర్డు న్యాయవాదులు, ప్రొబేషన్ కార్యకర్తలు